గుర్తుగా తలా ఒక చేప

మా ఓనరాంటీ పోయారన్న కబురు నాకు ప్రెస్సులో ఉండగా తెలిసింది. నారాయణగూడలో నేను ప్రూఫులు దిద్దే గదిలో సెల్‌ఫోన్ సిగ్నల్ సరిగా అందదు. మెట్ల మీదికి వచ్చి నిలబడితే తప్ప అవతలి మాట వినపడదు. ఫోన్ చేసింది అంబర్‌పేటలో ఉండే ఆంటీ చెల్లెలు. ఏడుపులో సగం మాటలు కలిసిపోయాయి. "అక్క పోయింది బిడ్డా. ఆస్పత్రిలనే. పొద్దుగాల మంచిగనే మాట్లాడింది, చాయ్ గూడ తాగింది," అన్నది మాత్రం తెలిసింది. ఫోన్ పట్టుకుని ఆ మెట్ల మీదే కూలబడ్డాను. అప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన చెబితే మీరు నన్ను మనిషే కాదంటారు. ఇవాళ చేపలకి మేత వెయ్యలేదే అనుకున్నాను. ఏడుపు ఆ తరవాత వచ్చింది.

నేను రాస్తున్నది పదిమందికీ తెలిసిన మనిషి గురించి కాదు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంక్ కాల్స్ కలిపే ఆపరేటరుగా చేరి, ఆ కాల్సే లేకుండా పోయిన రోజులదాకా పనిచేసి రిటైరయ్యారు. భర్త ఎప్పుడో పోయారు. పిల్లల్లేరు. అశోక్‌నగర్‌లో సందు చివర, గర్డర్ల మీద బండలు పరిచిన పాత ఇల్లు ఆవిడది. కింద ఆవిడ, పైన ఒక గదీ వంటిల్లూ ఉన్న వాటాలో నేను. మా ఇద్దరి చుట్టరికం ఇంతే. ఈ మాట రాస్తుంటే నా మీద నాకే ఒళ్లు మండుతోంది, ఇంతే కాదని నాకు తెలుసు గనక. కానీ దానికి వేరే పేరు నా దగ్గర లేదు.

2009లో తెనాలి నుంచి ఒక్కదాన్నే ఈ ఊరు వచ్చాను. ఎందుకు ఒక్కదాన్నే అన్నది నా సొంత గోడు, ఇక్కడ వద్దు. చిక్కడపల్లిలో అద్దె వాటా కోసం తిరుగుతుంటే ప్రతి గుమ్మంలోనూ అదే ప్రశ్న. "ఒక్కరేనా? మీవారు ఎక్కడుంటారు?" నాకసలే ముక్కు మీద కోపం. ఒకటి రెండు చోట్ల మర్యాద తప్పి మాట్లాడి వచ్చేశాను కూడా. చివరికి ఈ సందులో టు లెట్ బోర్డు చూసి, అదే ప్రశ్నకి మళ్లీ జవాబు సిద్ధం చేసుకుని గేటు తీశాను. ఆంటీ నన్ను ఎగాదిగా చూసి, నా పాదాల దగ్గర ఆగిపోయారు.

"నీ నడక ఎట్లుంటది బిడ్డా?" అన్నారు.

"అంటే ఏమిటండీ?"

"నడక, నడక. దబదబ నడుస్తవా, మెల్లగ నడుస్తవా? పైన దబ్బుమంటె కింద నా పోరలు బెదురుతరు. ఇంతకుముందున్నోళ్లు పిండి గిర్నీ లెక్క నడుస్తుండిరి. అందుకే ఖాళీ చెయ్యమన్న."

పోరలంటే మనవలేమో అనుకున్నాను. లోపలికి పిలిచి చూపించారు. ముందుగదిలో గోడ పొడుగునా నాలుగడుగుల అక్వేరియం. లోపల ఇసుకలో నాటిన పచ్చటి మొక్కలు. కొన్ని రిబ్బను ముక్కల్లా నిలువుగా పైదాకా సాగాయి, కొన్ని ఓ నల్లటి మొద్దుకు తెల్లదారంతో కట్టి ఉన్నాయి. పైన ఎర్ర తోకల గప్పీ చేపలు, మధ్యలో నీలం గీత మెరిసే చిన్న టెట్రాలు. "వీళ్లు కిరాయికున్నోళ్లు," అన్నారు ఆంటీ. "నా పోరలు కింద ఉంటరు. నువ్వు కొత్తదానివి గదా, దాసుకున్నరు. జర కూసో." చాలాసేపు కూర్చున్నాం. అద్దె సంగతి కూడా మాట్లాడుకోలేదు. చివరికి మొద్దు కిందనుంచి ఒక మూతి బయటికి వచ్చింది, మూతి చుట్టూ మీసాల్లాంటివి. తరవాత నారింజ రంగు ఒళ్లు, దాని మీద అడ్డంగా మూడు నల్లటి పట్టీలు. దాని వెనకే ఇంకోటి, ఇంకోటి. మొత్తం ఆరు. వాటిని లోచ్‌లంటారని ఆవిడే చెప్పారు. షాపులో అడిగితే టైగర్ లోచ్ అంటారట.

ఎక్స్ఛేంజిలో రిటైరైన వాళ్లందరికీ గోడగడియారం ఇచ్చి పంపడం అలవాటట. ఈవిడ మాత్రం "ఒంటిగున్న ఇంట్ల టక్కు టక్కు అనే గడియారం నాకొద్దు" అని ముందే చెప్పేశారట. తోటివాళ్లు తలా ఇంత వేసుకుని ఈ గాజుపెట్టె కొనిచ్చారు. ఇచ్చినవాళ్లు అందులో ఏవో ప్లాస్టిక్ మొక్కలూ, నోరు తెరిచే బొమ్మ మొసలీ పెట్టి ఇచ్చారట. ఆ మొసలిని ఆంటీ మర్నాడే పక్కింటి పిల్లకి ఇచ్చేశారు. "నీళ్లల్ల ప్రాణమున్న చెట్టుండాలె గని రబ్బరు చెట్టేంది?" అనేవారు ఆ సంగతి వచ్చినప్పుడల్లా.

అద్దెకు దిగిన కొత్తలో ఒక ఆదివారం పొద్దున కిందికి వెళ్లాను. ఆంటీ వంటింట్లో ఉన్నారు. అక్వేరియంలో ఒక లోచ్ ఇసుక మీద పక్కకు ఒరిగి పడి ఉంది. కదలడం లేదు. "ఆంటీ! చచ్చిపోయింది!" అని కేక పెట్టాను. ఆవిడ పిండి చేతులతోనే వచ్చి, ఒక్క చూపు చూసి, నవ్వాపుకోలేక గుమ్మం పట్టుకున్నారు.

"పండుకున్నది పిచ్చిదానా. వీళ్లు మనలెక్కనే ఒక్కదిక్కు ఒరిగి పండుకుంటరు. నేను గూడ మొదట్ల గిట్లనే ఏడ్సి, పాతిపెట్టనీకి గుంత తవ్వి వచ్చిన. వచ్చి సూస్తె ఈత కొడుతున్నది. ఆ గుంతల మిరప నారు పెట్టిన."

ఆ నవ్వు చూశాక నాకు ఆ ఇల్లు నచ్చింది.

మంజీరా నీళ్లు మా సందుకి రోజు విడిచి రోజు వస్తాయి. వచ్చినప్పుడు ఆంటీ తాగే నీళ్లు కూడా పట్టకుండా ముందు వరండాలో నీలం డ్రమ్ము నింపేవారు. దాని మూత తీసే ఉంచాలి. నీళ్లలోని మందు వాసన పోయేదాకా అలా ఉంచి, వారానికోసారి అక్వేరియంలో పావు వంతు పాత నీళ్లు తీసి, ఈ నీళ్లు సన్నగా పోసేవారు. ఒకేసారి కుమ్మరించడం ఉండదు. పోసే ముందు రెండు నీళ్లలోనూ చెరో చెయ్యీ పెట్టి, కళ్లు మూసుకుని, చలవ సరిపోయిందో లేదో చూసేవారు. పసిపిల్లకి స్నానం చేయించేటప్పుడు కూడా ఎవరూ ఇంత చాదస్తం పడరని నేను ఎగతాళి చేసేదాన్ని. "పసిపిల్ల సల్లగుంటె ఏడుస్తది. వీళ్లు నోరు తెరిసి చెప్పరు గదా," అనేవారు.

మేత విషయంలో ఆవిడకి ఇంకా పట్టుదల. పైన చల్లిన మేత పైనున్న చేపలే తినేస్తాయి. అడుగున ఉన్న లోచ్‌లకి ఏదీ రాదు. అందుకని దీపం ఆర్పేసి, పైవాళ్లు సద్దుమణిగాక, మునిగే గుళికలు మొద్దు పక్కన వేసేవారు. ఒక్కోరోజు దోసకాయ ముక్కని స్టీలు చెంచాకు గుచ్చి అడుగుకు దించేవారు. "పైనోళ్లు తినంగ మిగిలింది కిందికొస్తదనుకుంటరు జనం. ఏం రాదు. కిందోళ్లను యాదుంచుకుని ఏరే పెట్టాలె," అనేవారు. ఇంత పెట్టినా అవి ఆకులకి చిల్లులు పెట్టేవి, ఇసుక తవ్వి మొక్కల వేళ్లు పైకి తేల్చేవి. ఆవిడ మోచేతిదాకా చెయ్యి పెట్టి మళ్లీ నాటేవారు. తిట్టేవారు, నాటేవారు. మొక్కలతో పాటు వచ్చిన నత్తల్ని మాత్రం లోచ్‌లు ఒక్కటి మిగల్చకుండా తినేశాయి, ఆ ఒక్క పనికీ మెచ్చుకునేవారు.

నత్తని తినేటప్పుడు, మేత దొరికినప్పుడు లోచ్‌లు టిక్కుమని చిన్న చప్పుడు చేస్తాయి. ఈ సంగతి నాకు ఏడాదిదాకా తెలియదు. ఆంటీ గాజుకి చెవి దగ్గరగా పెట్టి కూర్చునేవారు. నేనూ పెట్టేదాన్ని. నాకు మోటారు గురగుర తప్ప ఏమీ వినపడేది కాదు. "ముప్పయ్యేండ్లు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్నదాన్ని," అనేవారు గర్వంగా. "లైన్ల ఎవలు మాట్లాడకున్నా సరే, అవతల మనిషి ఉన్నదా లేదా తెలుస్తది. ఊపిరి తెలుస్తది." ఒకరోజు నాకూ వినిపించింది. నేను చెయ్యెత్తి ఆగమన్నాను, ఆవిడ నా ముఖం చూసి నవ్వారు. ఆ వయసులో ఆ ముందుగదిలో ఇద్దరం గాజుకి చెవులానించి కూర్చున్నామంటే బయటివాళ్లు చూస్తే ఏమనుకునేవారో.

రెండో ఏడాది చలికాలంలో ఒక లోచ్‌కి ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలొచ్చాయి. జబ్బుదాన్ని విడిగా పెట్టమని షాపువాడు చెప్పాడు. ఆంటీ దాన్ని ప్లాస్టిక్ టబ్బులో వేసి వంటింటి గట్టు మీద పెట్టారు. మందు వేశారు, హీటరు పెట్టారు. అది టబ్బు మూలకి మూతి ఆనించి అలాగే ఉండిపోయింది. నారింజ రంగు పోయి బూడిద రంగుకి దిగింది. గుళిక ముట్టలేదు, దోసకాయ ముట్టలేదు. నేను ప్రెస్సు నుంచి రాగానే ముందు దాన్ని చూసి పైకి వెళ్లేదాన్ని. ఒక సాయంత్రం ఆంటీ టబ్బు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు.

"ఇది రోగంతోటి పోతలేదు," అన్నారు. "ఒంటిగ పోతున్నది."

దాన్ని మళ్లీ అక్వేరియంలో వదిలేశారు. మిగతావాటికి అంటుకుంటే ఏం చేస్తారని నేను అడిగితే, అంటుకునేది ఎప్పుడో అంటుకునే ఉంటుందని, అందరికీ కలిపే మందు వేస్తానని అన్నారు. వలతో పట్టలేదు, స్టీలు డబ్బాలోకి ఎక్కించి తెచ్చారు. వీటికి కంటి కింద సన్నటి ముల్లు ఉంటుంది, వలలో చిక్కుకుంటే దెబ్బ తగులుతుంది. డబ్బా నీళ్లలో వంచగానే అది అడుగుకు దిగింది. మొద్దు కిందనుంచి అయిదూ వచ్చాయి. దాని చుట్టూ తిరిగి, ఒంటికి ఒళ్లు రాసుకుని, దాన్ని మధ్యలో పెట్టుకుని మొద్దు కిందికి తీసుకుపోయాయి. మర్నాడు అది తిన్నది. నీళ్ల వేడి కొద్దికొద్దిగా పెంచి, మందు సగం సగం వేస్తూ వస్తే చుక్కలు పోయాయి, రంగు తిరిగి వచ్చింది.

ఆ రోజే ఆంటీ నన్ను అడిగారు. "నువ్వు పైన ఏం తింటవ్ రోజూ?"

"అన్నం, ఏదో పచ్చడి. ఒక్కదానికి ఏం వండుకుంటానండీ."

"ఇకనుంచి కిందికొచ్చి తిను."

"ఎందుకండీ మీకు శ్రమ?"

"శ్రమ నాకు గాదు, నీకే. రెండు మెట్లు దిగాలె." ఆవిడ నా వైపు చూడకుండా గుళికల డబ్బా మూత బిగిస్తూ అన్నారు. నా తరఫు వాళ్లెవరైనా నేను తిన్నానా లేదా అని అడిగి అప్పటికి ఎన్నాళ్లైందో. ఆ రాత్రి నుంచి నా కంచం కిందే ఉండేది. కూర ఎవరు చేసినా ఇద్దరికీ నచ్చేది కాదు. నా పప్పులో పులుపెక్కువని ఆవిడ, ఆవిడ కూరలో కారమెక్కువని నేను. రోజూ పోట్లాడుకుంటూనే తినేవాళ్లం.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో బందులు, కరెంటు కోతలు మీకు గుర్తుండే ఉంటాయి. ప్రెస్సు మూతపడితే నేను ఇంట్లోనే ఉండేదాన్ని. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఎంతకీ రాలేదు. ఫిల్టరు ఆగింది, గాలి బుడగలు ఆగాయి. లోచ్‌లు పైకి వచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. ఆంటీ చెంబుతో నీళ్లు ముంచి ఎత్తునుంచి ధారగా పోయడం మొదలుపెట్టారు, అలా పోస్తే గాలి కలుస్తుంది. ఆవిడ చెయ్యి నొప్పెడితే నేను, నా చెయ్యి లాగితే ఆవిడ. అప్పుడే పక్కింటాయన చందాకో దేనికో గుమ్మంలోకి వచ్చి, నన్ను చూసి, నవ్వుతూనే, "అమ్మా, మన రాష్ట్రమొస్తె మీరు మీ ఊరికి పోతరా, ఈడనే ఉంటరా?" అన్నాడు. నాకు సర్రున కోపం వచ్చింది గానీ చేతిలో చెంబుంది. ఆంటీయే జవాబు చెప్పారు. "ఎటు పోతదన్నా, ఇప్పుడు దాని వంతు. ఊకె నిలబడకపోతె నువ్వు గూడ ఒక చెంబు పట్టు." పాపం ఆయన చెప్పులు విప్పి లోపలికి వచ్చి నిజంగానే పట్టాడు. పొద్దు వాలేవేళకి కరెంటు వచ్చింది. ఒక్క చేప పోలేదు.

రెండు లోచ్‌లు పోయింది ఆ తరవాత సంవత్సరం. ఆంటీ వరంగల్లు పెళ్లికి వెళితే, నేను కూడా ఊళ్లో లేని ఆ వారం, అంబర్‌పేట చెల్లెలు వచ్చి ఇల్లు చూసుకుంది. మళ్లీ చుక్కలు కనపడ్డాయట. ఆవిడ ఇంట్లో చేపల తొట్టిలో నీళ్లు మార్చినప్పుడల్లా గుప్పెడు కల్లుప్పు వేస్తారు, రోగం రాదని. అదే ప్రేమతో ఇక్కడా వేసింది. గప్పీలకి ఏమీ కాలేదు. లోచ్‌ల ఒంటికి పొలుసు అంతంత మాత్రం, ఉప్పు పడదు. మేము వచ్చేసరికి చిన్నవి రెండూ పోయాయి. చెల్లెలు వాటిని అప్పటికే దానిమ్మ చెట్టు కింద పాతి, కారణం తెలియక కళ్ల నీళ్లు పెట్టుకుని కూర్చుంది.

ఆంటీ అక్వేరియంలో నీళ్లు మారుస్తూ నాతో మెల్లిగా అన్నారు. "ఉప్పు సంగతి దానికి చెప్పకు. మంచికే ఏసింది. చెప్తె ఇగ నా ఇంట్ల ఏదీ ముట్టదు." నేను చెప్పలేదు. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ చెల్లెలు ఈ వ్యాసం చదవదని ధైర్యం చేసి రాస్తున్నాను, చదివితే నన్ను మన్నించాలి.

లోచ్‌లు పెరగడం కంటికి కనపడదు. ఆంటీ కొలత ఆంటీది. ఏదైనా గాజు దగ్గరగా వచ్చి నిలబడితే చూపుడువేలు అడ్డంగా ఆనించి చూసేవారు. నేను వచ్చినప్పుడు రెండు కణుపులున్నవి, పోయిన ఏడాదికి వేలంతయ్యాయి. "సూడు, జర పెరిగింది," అనేవారు. "పెరగలేదండీ, మీ వేలే సన్నబడింది," అనేదాన్ని నేను. ఇద్దరం నవ్వేవాళ్లం. కిందటి చలికాలం నుంచి ఆ మాట అనడం మానేశాను. వేలు నిజంగానే సన్నబడుతోంది. గుండె బలహీనమని, కాళ్లకి నీరు పడుతోందని ఆస్పత్రికి తిరగడం మొదలైంది. డ్రమ్ములో నీళ్లు నేనే మోసేదాన్ని, ఆవిడ కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని చెయ్యి పెట్టి చలవ చూసేవారు.

ఒకరోజు అలా చెయ్యి పెట్టే అన్నారు. "ఇవి ఇరవై ఏండ్లు బతుకుతయంట. నేను బతుక."

"అబ్బ, ఊరుకోండి ఆంటీ."

"ఊకుంటె అయితదా? నా పోరలను ఇడగొట్టనియ్యకు బిడ్డా. ఇల్లు ఎవలన్న తీస్కోని, గిన్నెలు ఎవలన్న తీస్కోని. ఈ నాలుగు ఒక్క తాన ఉండాలె."

"అలాగేనండీ," అన్నాను. అలాగే అనడం ఎంత తేలికో. ఈ ఇంట్లో నాకు ఆ మాట చెల్లించే హక్కు ఎక్కడుందని నేనూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

పెద్దకర్మ రోజున భోజనాలయ్యాక ముందుగదిలో చాప వేశారు. పోయినవాళ్ల గుర్తుగా దగ్గరివాళ్లు తలా ఒక వస్తువు తీసుకెళ్లడం వాళ్ల ఇంటి పద్ధతి. చీరలు, ఇత్తడి బిందె, చేతి గడియారం పంచుకున్నారు. ఎవరూ గొడవపడలేదు, ఒకరికొకరు ఇచ్చుకుంటూ ఏడ్చుకున్నారు. ఆ తరవాత ఇల్లు అద్దెకివ్వాలి గనక ఆ గాజుపెట్టె తీసేయాలన్న మాట వచ్చింది. కవాడిగూడలో ఉండే ఆంటీ మరిది అన్నాడు, "వదినకు ఈ నాలుగే పానం గదా. చిన్నయన్నీ షాపోనికి ఇచ్చేద్దాం, వీట్ల తలా ఒక చేప తీస్కపోదాం. ఇంతకంటె మంచి గుర్తేముంటది?" అందరి ముఖాలూ వెలిగాయి. ఆ ప్రేమ చూస్తే ఎవరికైనా కాదనబుద్ధి కాదు.

"అన్నీ ఒకేచోట ఉండాలండీ," అన్నాను. "విడదీయొద్దని ఆంటీ నాతో చెప్పారు. ఒక్కటే ఉంటే అవి తినవు. కావాలంటే నాలుగూ నేనే పైన పెట్టుకుంటాను."

"ఆ బండల మీద గింత బరువు నిలుస్తదా అమ్మా?" అన్నాడు మరిది. కోపంగా అనలేదు, నిజమే అన్నాడు. పైన బీరువా పెడితేనే గర్డరు కిర్రుమంటుంది. మరి మీరెవరైనా నాలుగూ తీసుకోండి అన్నాను. ఇంత పెద్ద పెట్టె ఎవరింట్లో పడుతుందన్నారు. చెల్లెలు నా భుజం మీద చెయ్యి వేసింది. "మేం మంచిగ చూసుకుంటం బిడ్డా. మా ఇంట్ల చేపలు ఎప్పటికెల్లి ఉన్నయి." నా నాలుక చివరిదాకా ఉప్పు సంగతి వచ్చింది. మింగేశాను. ఆ తరవాత మాత్రం, "లోచ్‌కి ఉప్పు పడదటండీ, షాపులో చెప్పారు," అన్నాను. అంతవరకే చేతనైంది.

అవి నా చేతికి అలవాటు పడ్డవి, ఇంకెవరూ పట్టలేరు. అందుకని నేనే పట్టాల్సి వచ్చింది. వల తేబోతే వద్దన్నాను. మోచేతిదాకా చెయ్యి పెట్టి, మొద్దు పక్కన దోసకాయ ముక్క పెట్టి, స్టీలు డబ్బా అడ్డంగా ఆనించి, వచ్చినదాన్ని వచ్చినట్టు ఎక్కించాను. చివరిది రావడానికి చాలాసేపు పట్టింది. మిగతా మూడూ ఏవని మొద్దు చుట్టూ తిరిగింది, ఇసుక వాసన చూసింది, మళ్లీ లోపలికి పోయింది. నేను గాజుకి నుదురు ఆనించి ఏడ్చాను. నన్ను ఎవరూ తొందరపెట్టలేదు.

నాలుగు కవర్లు. ఒకటి అంబర్‌పేట చెల్లెలికి, ఒకటి కవాడిగూడ మరిదికి, ఒకటి హైదర్‌గూడలో ఉండే మేనకోడలికి. ఆంటీ తమ్ముడి కూతురు ఆ అమ్మాయి. ఇంట్లో చిన్న అక్వేరియం ఉందట, మేత ఏం వెయ్యాలి, నీళ్లు ఎంత వేడి ఉండాలి అని నన్ను అన్నీ అడిగింది. నాలుగో కవరు చెల్లెలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇది నీది బిడ్డా. నువ్వు గూడ మా ఇంటి మనిషివే. అక్క ఎప్పటికీ నీ ముచ్చటే చెప్తుండె."

ఈ ఊరు వచ్చిన ఇన్నేళ్లలో నన్నెవరూ అలా అనలేదు. కవరు రెండు చేతులతో పట్టుకున్నాను. లోపల లోచ్ మూలకి మూతి ఆనించి ఉంది, పట్టీల మధ్య నారింజ రంగు అప్పుడే పాలిపోతోంది. ఇది పైన నా గదిలో, గాజు సీసాలో, నా ఎదురుగా ఉంటుంది. నేను ప్రెస్సు నుంచి వచ్చేదాకా అది, అది నిద్రపోయేదాకా నేను. నాకు అది కావాలి. ఎంత కావాలో చెప్పలేను. ఆవిడది ఇక నాకు మిగిలేది అదొక్కటే.

మేనకోడలు గేటు దగ్గర ఆటో ఎక్కబోతోంది. వెళ్లి ఆ అమ్మాయి కవరు రబ్బరుబ్యాండు విప్పమన్నాను. నా కవరు మూతి దాంట్లో పెట్టి మెల్లిగా వంచాను. నాలుగు చోట్ల నాలుగు కాకుండా ఒక్కచోటైనా రెండు.

"అక్కా, మరి మీకు?" అంది ఆ అమ్మాయి.

"నాకొద్దమ్మా. ఈ రెండిటినీ విడదీయకు. అంతే."

వెనక నిలబడ్డ చెల్లెలి ముఖం చిన్నబోయింది. "అక్క గుర్తు వద్దంటవా?" అంది. ఏం చెప్పినా ఇంటి మనిషినన్న మాటని నేను తిరిగి ఇచ్చేసినట్టే అయింది. "ఒక్కటే అయితే తినదండీ," అని మాత్రం అన్నాను. ఆవిడ తన చేతిలోని కవరు వైపు ఒకసారి చూసుకుని, కొంగుతో కప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ దగ్గరా, మరిది దగ్గరా ఒంటరిగా ఉన్న ఆ రెండూ ఎలా ఉన్నాయో నేను ఇంతవరకూ అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

ఆటో కదిలింది. ఆ అమ్మాయి కవరుని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ చుట్టూ వేసి కూర్చుంది. ఎండ తగిలి నీళ్లు మెరిశాయి. లోపల మూలన ఉన్నది మూల వదిలింది. రెండో దాని పక్కకి జరిగి, దాని పొట్ట కిందికి తల దూర్చి, రెండూ ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. సందు మలుపు తిరిగేదాకా చూశాను. నా చేతిలో ఖాళీ కవరు, దాని అడుగున గుక్కెడు నీళ్లు. అవి ఎక్కడ పొయ్యాలో తెలియక, అలాగే పట్టుకుని గేటు దగ్గర నిలబడిపోయాను.